ప్లాకా

ఆ వేసవిలో మా క్వారీకి వచ్చిన అల్బేనియా మనిషికి మావాళ్ళు నేర్పిన మొదటి మాట ప్లాకా.

అతని పేరు బర్దిల్. మా ఊరి నోళ్ళకు అది తిరగలేదు. "వార్దిస్ అందాం, పోయేదేముంది?" అని మా అన్న ఫ్లోరోస్ వచ్చిన రోజే పేరు మార్చేశాడు. నలభై దాటిన మనిషి. పొడుగూ కాదు, లావూ కాదు. చేతులు మాత్రం మోకాళ్ళ దాకా వేలాడుతున్నట్టుండేవి. ఉత్తరాన సరిహద్దు తెరుచుకుని, జనం కొండలు దాటుకుంటూ గుంపులుగా దిగుతున్న రోజులవి. కొందరు ఓడలెక్కి గ్రీసు దీవుల దాకా వచ్చారు. నక్సోస్ దీవి మధ్యలో, కొండల్లో ఉన్న మా పాలరాతి క్వారీకి బర్దిల్ ఒక్కడే వచ్చాడు, కాగితాల్లేకుండా, దారిలో ఏరుకున్న నాలుగు గ్రీకు ముక్కలతో. మా నాన్న మథ్యోస్ క్వారీ మేస్త్రీ. కాగితాలు అడగలేదు, చేతులు చూసి పనిలో పెట్టుకున్నాడు. అమ్మ పోయాక పనివాళ్ళకు వండి పెట్టే పని నాకు వచ్చింది. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు.

అతను వచ్చిన కొత్తల్లోనే జరిగింది. మధ్యాహ్నం అందరూ టార్పాలిన్ నీడలో కూర్చుని శనగల పులుసులో రొట్టె ముంచుకుని తింటున్నారు. బర్దిల్ కొంచెం ఎడంగా ఒక రాతి దిమ్మ మీద కూర్చున్నాడు. ఫ్లోరోస్ వెనక నుంచి పిల్లిలా వెళ్తున్నాడు. మా అన్న ఎవరినైనా ఆట పట్టించబోతున్నాడంటే ముందు అతనికే నవ్వు వచ్చేసేది. భుజాలు కదిలిపోయేవి, మొహం కందిపోయేది, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. అది చూసి మిగతావాళ్ళు ముందే నవ్వడం మొదలుపెట్టేవారు. ఆ రోజూ అంతే. పేలుడు మందు పెట్టని ఖాళీ రంధ్రంలోకి ఒక వత్తి ముక్క దూర్చి అంటించాడు. వత్తి బుస్సుమంది.

"పేలుతుందిరోయ్!" అని అరిచాడు.

అనుకున్న ప్రకారం అందరూ నేల మీద బోర్లా పడ్డారు. బర్దిల్ గిన్నెతో సహా దిమ్మ మీంచి కింది మెట్టుకి దూకేశాడు. నిలువెత్తు లోతు. కింద రాతి పెచ్చులు, కత్తుల్లాంటివి. ఏమీ పేలలేదు. వత్తి ఆరిపోయింది. అతను లేచి నిలబడేసరికి మోకాలు చీరుకుపోయి పాంటు చిరుగులోంచి నెత్తురు కారుతోంది. మోచేతులు దోక్కుపోయాయి. పైనుంచి అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

"ప్లాకారా! ప్లాకా!" అన్నాడు ఫ్లోరోస్, కళ్ళు తుడుచుకుంటూ.

బర్దిల్ పైకి చూశాడు. ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చి, ఆఖరికి తనూ నవ్వాడు. "ప్లాకా," అన్నాడు, పలకడం నేర్చుకుంటున్నట్టు. దానికి ఇంకా నవ్వారు.

"కాలు విరిగుంటే ఏం చేసేవాడివి అన్నయ్యా?" అన్నాను.

"విరగలేదుగా? నీకు నవ్వడం రాదే కల్లిరోయీ. అమ్మ కడుపులోనే వదిలేసి వచ్చావు."

"తినండి, తినండి, పనుంది," అన్నాడు నాన్న. ఆయన మీసం కిందా నవ్వుంది.

టార్పాలిన్ వెనక కూర్చోబెట్టి నేనే బర్దిల్ మోకాల్లోంచి పెచ్చులు తీశాను. రాకీ సారా పోసి కడుగుతుంటే పళ్ళు బిగబట్టి పక్కనున్న రాయిని అరచేత్తో తట్టాడు.

"అమ్మాయీ. ప్లాకా... ఇది కదా?"

"అదే. కోసి పరిచే రాతి పలక. ఇల్లు కట్టేది, సమాధి మీద వేసేది, అంతా ప్లాకానే."

"మరి వాళ్ళు? నవ్వి అన్నది?"

"అదీ ప్లాకానే. నవ్వులాట. ఎవరైనా సరదాగా మాట్లాడితే, ఆ మనిషికి ప్లాకా ఉంది అంటాం. బాగా నవ్వుకుంటే, ఇవాళ ప్లాకా పగలగొట్టాం అంటాం. నిజంగా అనలేదు, ఊరికే అన్నాను అనాలన్నా ప్లాకా అనేస్తాం."

"మా దగ్గర... రాయి వేరు. నవ్వు వేరు."

"ఇక్కడ ఒకటే మాట."

"ఒక మనిషి నవ్వి, ఒక మనిషి నవ్వకపోతే? అదీ ప్లాకా?"

నేను గుడ్డ పిండాను. "అది మందపు ప్లాకా," అన్నాను చివరికి. మా ఊళ్ళో అలాగే అంటారు, ఆట శృతి మించితే.

"మందం," అని అతను బొటనవేలూ చూపుడు వేలూ దూరంగా పెట్టి చూపించాడు. ఈసారి నిజంగా నవ్వు వచ్చింది అతనికి. నాకూ వచ్చింది.

ఆ నెలంతా మందపు ప్లాకాలే. అతని బూట్లలో సిమెంటు కలిపి పోశారు. తాగే నీళ్ళ డబ్బాలో డీజిలు పోశారు. రెండు గుక్కలు మింగి, పొద్దంతా కక్కుకుంటూనే రాళ్ళు మోశాడు. ఒక రోజు నడుముకి తాడు కట్టి, కొలతలు తీయాలని చెప్పి, గోడకి దించి అక్కడే వేలాడదీసి భోజనానికి వచ్చేశారు. ఉత్తరగాలి ఈడ్చి కొడుతుంటే అతను రాతి గోడకి గుద్దుకుంటూ వేలాడాడు. నేను వెళ్ళి నాన్నని లాక్కొచ్చేదాకా ఎవరూ పైకి లాగలేదు. పైకి వచ్చాక భుజం మీద బట్ట లేదు, చర్మమూ లేదు. ఫ్లోరోస్ అతని వీపు తట్టి, "ప్లాకా, వార్దిస్! కోపం లేదుగా?" అన్నాడు. అతను తల ఊపాడు. అతన్ని ఉండనిచ్చిన చోటు అదొక్కటే. అటు ఇంటి దగ్గర భార్యా, ఇద్దరు ఆడపిల్లలూ ఉన్నారని నాకు మాత్రం చెప్పాడు.

ఆగస్టులో మేరీమాత పండగ. చర్చి అయ్యాక ఊరంతా చౌకులో చేరింది. పొయ్యిల మీద మేకమాంసం, బంగాళాదుంపలు. యాకొవోస్ కాఫీకొట్టు ముందు మగవాళ్ళు బిజ్ ఆడుతున్నారు. మా ఆటే అది. ఒకడు అందరికీ వీపు పెట్టి, పక్కకి కనిపించకుండా ఒక చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, రెండో చెయ్యి చంక కింద నుంచి అరచెయ్యి తెరిచి ఉంచుతాడు. వెనకున్న వాళ్ళలో ఒకడు ఆ అరచేతి మీద కొడతాడు. వాడు తిరిగేసరికి అందరూ వేలు గాల్లో తిప్పుతూ, తుమ్మెదల్లా బ్‌జ్‌జ్ అంటుంటారు. కొట్టిందెవరో చెప్పాలి. చెబితే కొట్టినవాడు వచ్చి నిలబడాలి. చెప్పలేకపోతే మళ్ళీ తనే.

బర్దిల్‌ని నిలబెట్టారు. అరచేతి మీద కొట్టాల్సింది, దెబ్బ చెవి మీద పడింది. అతను తిరిగాడు. బ్‌జ్‌జ్.

"ఫ్లోరోస్," అన్నాడు.

"కాదు!" అని అరిచారు అందరూ.

మళ్ళీ నిలబడ్డాడు. మళ్ళీ చెవి మీదే. "ఫ్లోరోస్." "కాదురా!" మళ్ళీ. చౌకంతటికీ తెలుసు కొట్టేది ఎవరో. ఫ్లోరోస్ ప్రతిసారీ రెండడుగులు వెనక్కి వేసి, నవ్వు ఆపుకోలేక వంగిపోతూ, పరుగున వచ్చి కొడుతున్నాడు. ఎన్నిసార్లయిందో నేను లెక్కపెట్టలేదు. బర్దిల్ చెవిలోంచి సన్నగా నెత్తురు దిగి చొక్కా కాలర్‌లోకి ఇంకుతోంది. అయినా ప్రతిసారీ అదే పేరు, అదే గొంతుతో.

ఉన్నట్టుండి యాకొవోస్ ట్రే బల్ల మీద పడేశాడు. "మొదటిసారే సరిగ్గా చెప్పాడు కదరా. నా కళ్ళారా చూశాను. ఫ్లోరోస్, నువ్వు నిలబడు. పండగపూట నా కొట్టు ముందు దొంగాట ఏంటి?"

"నిలబడతాను, నాకేం భయమా?" అని ఫ్లోరోస్ వెళ్ళి వీపు పెట్టి నిలబడ్డాడు. భుజాలు నవ్వుతో ఇంకా ఊగుతూనే ఉన్నాయి.

బర్దిల్ పరుగెత్తలేదు. నడిచి వెళ్ళి ఒక్కటి ఇచ్చాడు. సుత్తి పట్టిన చెయ్యి అది. ఫ్లోరోస్ పక్కనున్న బల్ల మీద పడ్డాడు, బల్ల విరిగి, గ్లాసులు పగిలి, అతను గాజుముక్కల్లో మోకాళ్ళ మీద లేచాడు. నోట్లోంచి ముందు పన్ను ఒకటి ఊడి చేతిలో పడింది. ఫ్లోరోస్ తిరిగి చూశాడు. అలవాటు కొద్దీ ఒకడి వేలు గాల్లో తిరిగింది. బ్‌జ్‌జ్. ఇంకొకడు. బర్దిల్ కూడా వేలెత్తి తిప్పాడు.

ఎవరో ముసలామె కిచకిచమని నవ్వింది. అంతే, చౌకు పేలిపోయింది. మా అన్న చేతిలో ఏదో ఒక రోజు నవ్వులపాలైన వాళ్ళే అందరూ. మంగలి, పూజారి భార్య, బస్సు డ్రైవరు. ఏళ్ళ తరబడి దాచుకున్న నవ్వంతా ఒక్కసారే నవ్వారు.

"ప్లాకా," అన్నాడు బర్దిల్, నెమ్మదిగా.

ఫ్లోరోస్ కూడా నవ్వాడు. పళ్ళనిండా నెత్తురు.

ఆ తర్వాత వారమంతా అతను ఎటు వెళ్ళినా ఎవరో ఒకరి వేలు తిరిగేది. రొట్టెల కొట్లో, పెట్రోలు బంకులో, చర్చి మెట్ల మీద. బ్‌జ్‌జ్. ఇంట్లో అతను అన్నం ముందు కూర్చుని ఖాళీ అయిన చిగురుని నాలుకతో తడుముకుంటూ ఉండేవాడు.

"వాణ్ణి పంపించెయ్ నాన్నా," అన్నాడు ఒక సాయంత్రం.

"ఇద్దరి పని చేస్తున్నాడురా. ఎందుకు పంపించాలి?"

"పంపించవా?"

"ఆట ఆడావు, తగిలింది. ఊరుకో."

"సరే. వాడి పొగరు నేనే దించుతా. నలుగురూ చూస్తుండగానే దించుతా. ప్లాకా అనుకుంటారు."

నాన్న చెంచా ఆగింది. నావైపు చూశాడు, మళ్ళీ పళ్ళెంలోకి చూసుకున్నాడు. నేనే అన్నాను, "అన్నయ్యా, నీ మాట నాకు నచ్చలేదు" అని. "నిన్నెవరు అడిగారే?" అని రొట్టె నా మొహాన విసిరి వెళ్ళిపోయాడు.

పని దిగేముందు క్వారీలో అందరూ ఒంటి మీది తెల్ల దుమ్ము కంప్రెసర్ గొట్టంతో ఊదుకునేవారు. డ్రిల్లులు నడిపే గాలి అది, రాతిని తొలిచే గాలి. దానితో ఒకరి టోపీ ఒకరు ఎగరేయడం, చొక్కాలు ఉబ్బించడం మామూలే. నేను ఖాళీ గిన్నెలు నాన్న ట్రక్కులో సర్దుతున్నాను. బర్దిల్ కిందికి వంగి బూటు తాడు కట్టుకుంటున్నాడు. ఫ్లోరోస్ గొట్టం పట్టుకుని అతని వెనక్కి వెళ్ళాడు.

పరుగెత్తలేదు. వంగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. భుజాలు రాయిలా ఉన్నాయి.

గొట్టం మూతి అతని పిర్రల మధ్య గట్టిగా ఆనించి, మీట తిప్పాడు.

బర్దిల్ అరవలేదు. నోరు తెరుచుకుంది, అంతే. మునివేళ్ళ మీద పైకి లేచాడు, ఎవరో జుట్టు పట్టి ఎత్తినట్టు. చొక్కా కింద పొట్ట నా కళ్ళ ముందే ఉబ్బింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, ఒక్క క్షణం. ఫ్లోరోస్ మీట వదల్లేదు. నేను గిన్నె విసిరాను, అది అతని మెడకి తగిలింది. అప్పుడు వదిలాడు. బర్దిల్ పక్కకి పడి రెండు చేతులతో నేల గీరుతున్నాడు. గోళ్ళు విరిగిపోతున్నాయి. పాంటు వెనక తడి, ఎర్రగా. నవ్వు ఆగిపోయింది. కంప్రెసర్ మాత్రం ఆడుతూనే ఉంది.

"ప్లాకా," అన్నాడు ఫ్లోరోస్, ఎవరినో కాదు, అందరినీ చూస్తూ.

నేను ట్రక్కు వెనక కూర్చుని అతని తల ఒళ్ళో పెట్టుకున్నాను. మలుపు మలుపుకీ నల్లటి నెత్తురు కక్కాడు. నాన్న కొండదారిలో ఎప్పుడూ పోనంత వేగంగా పోనిచ్చాడు. అది మాత్రం చెప్పాలి.

పట్నంలో ఆసుపత్రి చిన్నది. డాక్టరు పొట్ట మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది. "లోపల పేగు చిరిగింది. ఇక్కడ ఆపరేషను చేసే ఏర్పాటు లేదు. ఏథెన్స్ పంపాలి." కానీ ఉత్తరగాలి రేవుని మూసేసింది. ఓడలు ఆపేశారు. ఆ గాలిలో హెలికాప్టరు లేవదన్నారు. కిటికీ తలుపులు కొట్టుకుంటూనే ఉన్నాయి, అతనికి జ్వరం ఎక్కుతూనే ఉంది.

మర్నాడు పోలీసు సార్జెంటు వస్తున్నాడని తెలిసి నాన్న ముందే వచ్చాడు. నేను నీళ్ళ కూజా నింపుకుని తిరిగి వచ్చేసరికి మంచం మీదికి వంగి మాట్లాడుతున్నాడు.

"విను వార్దిస్. ఆయన అడుగుతాడు. ప్లాకా అని చెప్పు. ఒక్క మాట. నీ కాగితాలు నేను చేయిస్తా. మీ ఆవిణ్ణీ పిల్లల్నీ రప్పించుకుందువు గాని. వేరేలా చెప్పావనుకో, ఈ మంచం మీంచే సరిహద్దు దాటించేస్తారు. నీకు తెలుసు."

"నాన్నా!" అన్నాను.

"నువ్వు మాట్లాడకు."

"బర్దిల్, నువ్వు చెప్పొద్దు..."

నాన్న నా చెయ్యి పట్టుకుని మెలితిప్పాడు. కూజా పడి పగిలింది. అప్పుడే సార్జెంటు లోపలికి వచ్చాడు, టోపీ చంకలో పెట్టుకుని. చిన్నవాడే, మర్యాదస్తుడే.

"ఏం జరిగిందయ్యా?"

బర్దిల్ పైకప్పు చూస్తున్నాడు. పెదాలు అట్టకట్టాయి. "ప్లాకా," అన్నాడు.

"అంటే, సరదాగా ఆడుకుంటుంటే జరిగిందంటావు?"

"ప్లాకా."

సార్జెంటు రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. వాళ్ళిద్దరూ బయటికి వెళ్ళాక బర్దిల్ నా మణికట్టు పట్టుకున్నాడు. అప్పటికే వాచిపోయి ఎర్రగా ఉంది, అయినా లాక్కోలేదు.

"అమ్మాయీ. లిరికి... ఈ మాట చెప్పకు."

గాలి తగ్గకముందే పోయాడు.

లిరి అతని భార్య. వార్త ఎలా చేరిందో, ఎవరి సాయంతో వచ్చిందో, గాలి ఆగిన నాలుగైదు రోజులకి ఓడ దిగింది. నల్లగుడ్డ తలకి బిగించి కట్టుకుని, చేతిలో ప్లాస్టిక్ సంచీతో. ఆవిడకి కొంచెం మా భాష వచ్చు. ఆసుపత్రి వాళ్ళు నా పేరు చెప్పారట. శవాల గది ముందు బెంచీ మీద నా పక్కన కూర్చుంది.

"చెల్లీ. పోలీసు చెప్పాడు, ప్లాకా అని. నేను అడిగాను, ఏంటది? నవ్వు కోసం అన్నాడు." ఆవిడ నా మొహంలోకి చూసింది. "ఏం నవ్వు? నాకు చెప్పు. పిల్లలు అడుగుతారు. మా నాన్న ఏం నవ్వు వల్ల చచ్చిపోయాడు అంటారు. నేను చెప్పాలి కదా?"

అతను వద్దన్న మాట అప్పటికే ఆవిడ చెవిన పడింది. నేను లేచి, "రా అక్కా," అన్నాను.

స్టేషన్‌లో సార్జెంటు మా మాట విని, నాన్ననీ ఫ్లోరోస్‌నీ, క్వారీ పనివాళ్ళు ఇద్దరినీ పిలిపించాడు. ఎండ కిటికీలోంచి బల్ల మీద పడుతోంది. లిరి గోడ వారగా కుర్చీలో కూర్చుంది. నేను నిలబడి చెప్పాను. అన్నం దగ్గర ఫ్లోరోస్ అన్న మాట చెప్పాను. మీట ఎంతసేపు పట్టి ఉంచాడో చెప్పాను. మంచం దగ్గర నాన్న చెప్పించింది చెప్పాను.

"కానీ అది ప్లాకా కాదని నీకెలా తెలుసమ్మా?" అన్నాడు సార్జెంటు. "నువ్వు ట్రక్కు దగ్గర ఉన్నావు. ఇక్కడున్న వాళ్ళంతా ఆట అంటున్నారు. చనిపోయినతనూ అదే అన్నాడు."

"మా అన్న ఆట పట్టించేముందు నవ్వకుండా ఉండలేడు. ఊళ్ళో ఎవర్నైనా అడగండి. ఆ రోజు నవ్వలేదు."

సార్జెంటు ఫ్లోరోస్ వైపు తిరిగాడు. "ఏమంటావు?"

ఫ్లోరోస్ నన్ను చూశాడు. నెమ్మదిగా అతని భుజాలు కదలడం మొదలైంది. మొహం కందింది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"మా చెల్లెలు ప్లాకా చేస్తోంది సార్," అన్నాడు.

క్వారీ వాళ్ళలో ఒకడికి ముక్కులోంచి నవ్వు వచ్చేసింది. రెండోవాడు దగ్గినట్టు నవ్వాడు. గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్ నవ్వాడు. సార్జెంటు పెదవి కొరుక్కున్నాడు గానీ, అదీ నవ్వే. నాన్న కూడా నవ్వాడు, బరువు దిగిన మనిషిలా, గట్టిగా. లిరి ఒక్కొక్కరి నోటికేసీ చూసుకుంటూ వచ్చింది. నాన్న దగ్గర ఆ చూపు ఆగిపోయింది.

"సంతకం పెట్టిన కాగితం ఉందమ్మా," అన్నాడు సార్జెంటు నాతో, కొంచెం సిగ్గుపడుతూ. "నీ మాట ఒక్కటే ఒకవైపు. ఏం చెయ్యను?"

బయటికి వచ్చాక లిరి అడిగింది, "ఎందుకు నవ్వారు?"

"నేను చెప్పింది అబద్ధం అన్నాడు మా అన్న. అందుకు."

"నువ్వు చెప్పింది?"

"నిజం."

ఆవిడ తల ఊపింది. శవపెట్టె ఓడలోకి ఎక్కించేదాకా రేవులో ఆవిడతోనే ఉన్నాను.

నాన్నా, ఫ్లోరోసూ రేవు బయట ట్రక్కుతో కాచుకుని ఉన్నారు. ఇంటికి తిరిగి వస్తుంటే, కొండ ఎక్కాక జనం లేని మలుపులో ఫ్లోరోస్ బండి ఆపాడు. నన్ను జుట్టు పట్టి దింపాడు. మొదటి దెబ్బకి పడిపోయాను. తర్వాత బూట్లతో. పక్కటెముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. దెబ్బ వేసిన ప్రతిసారీ, "ప్లాకా చెల్లీ! ప్లాకా!" అంటున్నాడు, నవ్వుతున్నాడు. నేల మీంచి నాకు ట్రక్కు కనిపిస్తోంది. నాన్న లోపల కూర్చుని ఉన్నాడు. అద్దం ఎత్తి ఉంది. చాలాసేపటికి అద్దం దిగింది.

"చాలు. ఎక్కండి," అన్నాడు.

సెప్టెంబరు వచ్చింది. ఊళ్ళో నాతో ఎవరూ మాట్లాడలేదు. యాకొవోస్ ఒక్కడే, ఎవరూ చూడనప్పుడు, ఎలా ఉన్నావమ్మా అనేవాడు. క్వారీ వాళ్ళు నా చేతి వంట మానేసి ఇంటి నుంచి రొట్టె తెచ్చుకునేవారు. పంపిన గిన్నె పంపినట్టే తిరిగి వచ్చేది. ఫ్లోరోస్‌ని చూసి వేలు తిప్పేవాళ్ళు మాత్రం లేరు ఇప్పుడు. అతను బల్ల దగ్గరికి వస్తే జరిగి చోటిచ్చేవారు. జోకు వేస్తే ముందుగానే నవ్వేవారు. నేను పక్కటెముకకి గుడ్డ చుట్టుకుని అదే ఇంట్లో ముగ్గురికీ వండాను. వెళ్ళడానికి వేరే చోటు లేదు, వెళ్ళాలనీ లేదు. నా ఇల్లు అది.

తొలి వాన పడిన ఉదయం నాన్న పనికి వెళ్ళలేదు. గడ్డం గీసుకుని, చర్చికి వేసుకునే కోటు వేసుకున్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"పట్నం."

లాయరు దగ్గరికేమో అనుకున్నాను. బస్సులో వెళ్ళాడు, ట్రక్కు తీసుకోలేదు. మధ్యాహ్నం దాటాక పోలీసు జీపు ఊళ్ళోకి వచ్చింది. ఫ్లోరోస్‌ని కాఫీకొట్టు దగ్గరే పట్టుకున్నారు. ఇద్దరు కానిస్టేబుళ్ళు చాల్లేదు. ఒకడి ముక్కు పగలగొట్టాడు, కుర్చీ విసిరి కొట్టుకు ఉన్న పెద్ద అద్దం బద్దలు చేశాడు. ఆఖరికి తడిసిన చౌకులో బోర్లా పడేసి, వీపు మీద మోకాలు పెట్టి బేడీలు వేశారు. నేను చూస్తూ నిలబడ్డాను. జీపు ఎక్కిస్తుంటే నావైపు తిరిగాడు.

"నువ్వేం చెప్పావే వాళ్ళకి? మళ్ళీ ఏం చెప్పావు?"

"నేను వెళ్ళలేదు అన్నయ్యా."

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక పెనుగులాట మానేశాడు. తల వంచుకుని తనే ఎక్కి కూర్చున్నాడు.

ఆ తర్వాతి ఏడు కోర్టు అతనికి జైలు వేసింది. చనిపోయిన మనిషి సంతకం పెట్టిన కాగితం నిలబడలేదు, ఆ మాట ఎవరు అనిపించారో అనిపించినవాడే వచ్చి చెప్పాడు కాబట్టి. నాన్న మీదా కేసు పెట్టారు. మేస్త్రీ పని పోయింది. ఊరు ఆయనతోనూ మాట్లాడటం మానేసింది. కానీ అవన్నీ తర్వాత సంగతులు.

ఆ రోజు ఆయన చీకటి పడకముందే తిరిగి వచ్చాడు, కోటు తడిసి ముద్దయి. కోటు విప్పి కుర్చీకి తగిలించి బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను బీన్స్ పులుసు పెట్టాను. రొట్టె ముక్క తుంచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. ఫ్లోరోస్ కుర్చీ వైపు చూడకుండా, నా వైపు కూడా చూడకుండా, చాలాసేపు బల్ల మీది చెక్క గీతలు వేలితో రాస్తూ ఉన్నాడు.

"స్టేషన్‌లో," అన్నాడు, "ఆవిడ కూర్చుని ఉంది. గోడ దగ్గర."

"అవును నాన్నా."

"నేనూ నవ్వాను."

బయట వాన కాలువల్లో పారుతోంది. పులుసు చల్లారిపోయి పైన తెట్టు కట్టింది. వేడి చెయ్యమని ఆయన అడగలేదు, నేనూ లేవలేదు. కాసేపటికి ఆయన చెంచా అందుకున్నాడు. ఇద్దరం చల్లారిందే తిన్నాం.